ఓడ గోత్రం

మంగళవారం మధ్యాహ్నం, ఆఫీసు మీటింగులో ఉండగా మా తెలుగు సంఘం అధ్యక్షుడి మెసేజి వచ్చింది. "హౌస్‌మైస్టర్ అంకుల్ పోయారట. వెరీ శాడ్. ఉగాది సావనీర్‌లో ఒక పేజీ ఆయనకి డెడికేట్ చేద్దాం. మీరే క్లోజ్ కదా, మీరే రాయండి. రెండు వందల పదాలు. పాజిటివ్‌గా ఉండాలి. టైటిల్ నేనే పెట్టేశాను: మన ప్రవాస ఆణిముత్యం." దాని కింద ఒక దణ్ణం బొమ్మ, ఒక దీపం బొమ్మ. నిమిషం తర్వాత ఇంకోటి. "ఆ నల్ల రాయి వాళ్ళింట్లో ఉండాలి. వాళ్ళమ్మాయిని అడిగి తీసుకురండి. గ్లాస్ బాక్సులో పెట్టి స్టేజి మీద డిస్‌ప్లే చేద్దాం. కాన్సులేట్ నుంచి గెస్ట్ వస్తున్నారు."

ఆణిముత్యమట! బతికున్నన్నాళ్ళూ ఆ మనిషిని కుర్చీలు మడత పెట్టడానికి తప్ప పిలవని సంఘం, పోయాక ముత్యమంటోంది. మీటింగులో ఎవరో నన్ను టెస్టింగు ఎప్పటికి పూర్తవుతుందని అడుగుతున్నారు. ఏం చెప్పానో గుర్తు లేదు. ఒళ్ళు మండిపోయింది. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇది పాజిటివ్‌గా ఉండదు. రెండు వందల పదాల్లో తేలదు. ఆయన పేరు కూడా రాయను. రాస్తే దాన్ని లావు అక్షరాల్లో వేసి, చుట్టూ పువ్వుల బోర్డరు పెట్టి, బిర్యానీ స్పాన్సరు ప్రకటన పక్కన అచ్చేస్తారని తెలుసు.

ఆయన కొలోన్‌లో మా పేట కమ్యూనిటీ హాలుకి హౌస్‌మైస్టర్. అంటే తాళాల నుంచి బల్బుల దాకా ఆ భవనాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. మా సంఘం పండగలన్నీ ఆ హాల్లోనే. మేం ఆయన్ని మొదటిసారి చూసింది ఒక దీపావళికి. రాసుకున్న ఒప్పందం ప్రకారం రెండింటికి తాళం తీయాలి. మేం ఒంటిగంటకే డెకరేషన్ సామానుతో దిగిపోయాం. బయట వాన. ఆయన గాజు తలుపు అవతలి నుంచి గడియారం చూపించి, లోపల వేరేవాళ్ళ కార్యక్రమం నడుస్తోంది, గంట ఆగండి అని జర్మన్‌లో చెప్పారు. మాలో ఒకాయన, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం, బంతిపూల సంచి నెత్తి మీద పెట్టుకుని తెలుగులో అన్నాడు: "దొరికాడురా మనకి ఈ నల్లోడొకడు. వీడికి రూల్సు తప్ప ఇంకేం తెలిసి చావదు."

ఆయన తలుపు కొంచెం తెరిచారు.

"రూల్సు తెలుసు బావూ. తెలుగూ తెలుసు."

ఇలాంటప్పుడు మనుషులు సిగ్గుపడతారు. కనీసం తల దించుకుంటారు. మావాడు అరిచినంత పని చేశాడు: "అరె, అంకుల్ మనోడే!" అంతే. అర నిమిషంలో 'వీడు' పోయి 'అంకుల్' వచ్చాడు. క్షమించమన్న నాథుడు లేడు. తెలుగు రాకపోతే నల్లోడు, వస్తే మనోడు. మాలో ఆయన కంటే నల్లగా ఉన్నవాళ్ళు అరడజను మంది ఉన్నాం ఆ వానలో. నేనూ అందులో ఒకదాన్నే, నేనూ నవ్వాను.

ఆ తర్వాత ప్రశ్నలు. మీదే ఊరు అంకుల్? మారిషస్ అన్నారు. అక్కడో చిన్న రేవు ఊరని చెప్పబోయారు. "వావ్, మా హనీమూన్ అక్కడే!" అని ఒకావిడ ఫోను తీసి నీలం నీళ్ళ ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. తన దీవిని తనకే ఫోనులో చూపిస్తుంటే ఆయన మర్యాదగా చూశారు. ఫొటోలో ఉన్న ఆ హోటలు గోడ లోపలికి తన జన్మలో అడుగు పెట్టలేదని చాలా ఏళ్ళ తర్వాత నాతో అన్నారు.

మా ఊళ్ళు ఆయనా అడిగారు. హైదరాబాదు, కరీంనగరు, గుంటూరు. అన్నింటికీ తల ఊపారు. నా వంతు వచ్చి కాకినాడ అనేసరికి తాళాలు తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"కాకినాడంటే కోరంగి పక్కనా?"

"అవునంకుల్, పక్కనే. స్కూటీ మీద వెళ్ళొచ్చు."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేనేదో పుణ్యక్షేత్రం నుంచి సరాసరి వచ్చినట్టు చూశారు. మా ఊళ్ళో కోరంగి అంటే పాత రేవు. ఒకప్పుడు చెరకు తోటల్లో పనికి మనుషుల్ని ఓడల్లో ఎక్కించి పంపింది అక్కడి నుంచేనని బళ్ళో ఎవరూ నాకు చెప్పలేదు. ఆయన దీవిలో తెలుగువాళ్ళని అందుకే కోరంగి వాళ్ళు అంటారట. ఇప్పుడు ఎలా ఉంటుందని అడిగారు. నేను గొప్పగా చెప్పాను, మడ అడవిలో చెక్క వంతెన వేశారు, ఫొటోలు బాగా వస్తాయి అని.

"ఓడలొత్తాయా?"

"ఓడలేం రావంకుల్ ఇప్పుడు."

"మా ఊరికీ రావు" అన్నారు. అప్పటి నుంచి నా పేరు కోరంగి పిల్ల. అసలు పేరు ఆయనకి తెలుసో తెలీదో కూడా నాకు తెలియదు.

ఆయన తెలుగు ముసలి తెలుగు. వాళ్ళ నాయనమ్మ నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు ఉండిపోయింది. తెలుగులో చదవడం రాయడం రాదు. తాళాల గుత్తికి రింగు ఉండదు, సన్నటి నార తాడు, దానికి కుర్రతనంలో ఓడ పనిలో నేర్చిన ముడి. నలభై తాళాలు. చూడకుండా వేలితో తడిమి కావలసినది తీసేవారు. చొక్కా జేబులో ఒక చిన్న సీసా, అందులో ఆవపిండీ పండుమిరపకాయలూ కలిపి నూరిన కారం. జర్మన్ బ్రెడ్డు మీద కూడా అదే. రైన్ నది ఒడ్డున కూర్చుని సరుకు బార్జీలని కట్టే తాళ్ళ ముడులు చూసి విసుక్కునేవారు. "ఇదీ ఒక కట్టేనా? మా మేస్త్రీ సూత్తే సెంప పగలగొట్టును."

అన్నింటికంటే ముఖ్యం, తలుపు. హాలు వెనకవైపు నిప్పు అంటుకుంటే మంటని ఆపడానికి పెట్టిన బరువైన ఇనప తలుపొకటి ఉంది. తెరిస్తే తనంతట తానే మూసుకుపోతుంది. కారు పార్కింగు నుంచి వంట సామాను తెచ్చే దారి అదే కాబట్టి మావాళ్ళు ఎప్పుడూ దానికి ఏదో ఒకటి అడ్డం పెట్టేవాళ్ళు. కుర్చీ, బియ్యం బస్తా, ఒకసారి స్పీకరు. ఆయన ఎక్కడున్నా వచ్చేసేవారు. అడ్డం తీసేవారు. తలుపు పూర్తిగా మూసుకునేదాకా నిలబడి, గొళ్ళెం పడిందో లేదో అరచేత్తో నొక్కి చూసేవారు.

"తలుపుకి అడ్డెట్టకూడదమ్మా. నిప్పొచ్చిన్నాడు అది మూసుకోవాల. దాని పని దాన్ని సెయ్యనియ్యాల."

ఓడ అడుగున అలాంటి తలుపుకి ఎవడో పెట్టె అడ్డం పెట్టబట్టి తనతో పనిచేసిన ఇద్దరు పోయారని ఒకసారి చెప్పారు. అది విన్నాక కూడా మావాళ్ళు ఆయన వెనక నవ్వుకునేవాళ్ళు, తలుపు తాత వస్తున్నాడు తీసెయ్యండి అని.

గోత్రం గొడవ సత్యనారాయణ వ్రతం రోజు జరిగింది. మా పూజారి వారమంతా సాఫ్ట్‌వేరు, శనాదివారాలు పౌరోహిత్యం. మంచివాడే. జంటలన్నింటి గోత్రాలూ అడుగుతూ వరసగా వస్తున్నాడు. ఆయన జర్మన్ భార్య అప్పటికే పోయింది. ఆయన మొదటిసారి పీటల దగ్గర కూర్చున్నది ఆ రోజే. అంతవరకు వెనక నిలబడేవారు, నేనే పిలిచి కూర్చోబెట్టాను.

"గోత్రం అంకుల్?"

ఆయన ఒక ఓడ పేరు చెప్పారు. ఎవరో ఇంగ్లీషు దొరసాని పేరు.

పూజారి అర్థం కాక నావైపు చూశాడు. "గోత్రం తెలియకపోతే పర్లేదంకుల్, కాశ్యప గోత్రం అని చెప్పేస్తాం, ఏం కాదు."

"తెలీకపోవడమేటి బావూ? సెప్పేను కదా. మాది ఆ ఓడ. కోరంగి నుంచి ఆ ఓడలో ఒచ్చి దిగినోళ్ళంతా అన్నదమ్ములు, అప్పసెల్లెళ్ళు. ఆల్ల పిల్లలకీ పిల్లలకీ కూడా పెళ్ళి కుదరదు. మా ఊళ్ళో సంబంధం మాటాడితే మొదట అడిగేది అదే, మీదే ఓడ అని."

గోత్రం చేసే పని ఇంతకంటే ఏముంది? ఎవరు ఎవరికి తోబుట్టువో చెప్పడమే కదా. ఇంత తిన్నగా గోత్రానికి అర్థం చెప్పినవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ ఆ రోజు హాలంతా నవ్వింది. ఓడ గోత్రోద్భవస్య అని వెనక నుంచి ఎవడో మంత్రం చదివాడు. మళ్ళీ నవ్వు. పూజారి ఇబ్బంది పడి కాశ్యప అనేసి ముందుకు వెళ్ళిపోయాడు. ఆయన అక్షింతలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. నీళ్ళు వదలమంటే వదల్లేదు. "ఆ పేరు నాది కాదు కదమ్మా" అన్నారు నాతో, మెల్లగా.

ప్రసాదం దగ్గర అసలు సంగతి బయటపడింది. ఇంటిపేరేంటి, ఏ కులం అయ్యుంటారు, అప్పట్లో ఎవరు వెళ్ళారు ఆ ఓడల్లో, వెళ్ళినవాళ్ళెవరో మనకి తెలీదా అని మొదలుపెట్టారు. పులిహోర తింటూనే. వీళ్ళంతా ఎవరు? పుట్టిన సర్టిఫికెట్టు మీద ఒక ముద్ర తక్కువైందని ఇక్కడి వీసా ఆఫీసు అపాయింట్‌మెంటు నుంచి వెనక్కి పంపితే, మేమేమన్నా దొంగలమా అని వాట్సాప్‌లో మూడు రోజులు ఏడ్చినవాళ్ళు. తాతముత్తాతల కాగితాలు మమ్మల్ని అడిగితే అవమానం. మేం అడిగితే సంప్రదాయం. ఈ ముక్క ఆ రోజే నోరు తెరిచి అనుంటే ఎంత బావుండేది! అనలేదు. పులిహోరలో ఉప్పు తగ్గిందన్నాను.

ఆయన తన ఊరి సంగతి చెప్పే పద్ధతి ఒకటుండేది. ఎప్పుడూ రేవు దగ్గర మొదలు. నల్ల రాళ్ళు పేర్చి కట్టిన గట్టు. గట్టు చివర ఓడల్ని కట్టే ఇనప గుంజ, ఇప్పుడు పిల్లలు దాని మీదెక్కి నీళ్ళలోకి దూకుతారు. తర్వాత పంచదార బస్తాల గోదాము, తుపానుకి కప్పు ఎగిరిపోయి గోడలే మిగిలాయి. తర్వాత చేపల పాకలు. చైనావాళ్ళ కొట్టు. చర్చి. మసీదు. ఊరంతా కలిపి ఒకటే వీధి. గోడలు నల్ల రాయి, మెట్లు నల్ల రాయి, సముద్రం ఒడ్డున ఇసక కూడా నల్లనే. అగ్గికొండ చల్లారి ఎన్ని వేల ఏళ్ళయిందో గానీ ఊరు ఇంకా దాని మీదే కాపురం చేస్తోందనేవారు. ఒక్కో గుమ్మం ముందు ఆగుతూ చెప్పేవారు. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే మళ్ళీ రేవుకి పోయి మొదటి నుంచి నడిచేవారు.

"మజ్జిలోంచి ఎలాగెల్తాను? దారుండొద్దా?"

మావాళ్ళు ఎప్పుడూ అడ్డం వచ్చేవాళ్ళు. అంకుల్, నీళ్ళ మీద కట్టిన విల్లాలు ఏ వైపు? అంకుల్, నవంబరులో వానలా? డాల్ఫిన్లు పొద్దున్న కనిపిస్తాయా, సాయంత్రమా? ఆయన ఓపిగ్గా జవాబు చెప్పి, మళ్ళీ రేవు దగ్గరకి వెళ్ళేవారు. ఈలోగా విన్నవాళ్ళు లేచి టీకి పోయేవాళ్ళు. చర్చి దాటి ఆ వీధిలో ఆయన్ని నడవనిచ్చినవాళ్ళు లేరు.

వీధి చివరిదాకా నేను విన్నది ఒక్కసారే. ఒక ఆదివారం మైకువాడు రెండు గంటలు ఆలస్యం. హాల్లో ఇద్దరమే. నేను బల్లలు తుడుస్తున్నాను, ఆయన నడుస్తున్నారు. రేవు, గోదాము, పాకలు, కొట్టు, చర్చి, మసీదు. మసీదు దాటాక వీధి అయిపోతుంది, చెరకు తోటలు మొదలు. తోటల మధ్య ఇళ్ళంత ఎత్తున నల్ల రాళ్ళ గుట్టలు.

"ఆ గుట్టలు దేవుడు పెట్టినవి కావమ్మా. ఆ నేలంతా రాయే. రాయి తీత్తేగానీ సెరుకు ఎయ్యలేరు. మావోళ్ళు సేత్తో ఏరీసి, నెత్తి మీద మోసీసి పోసీనవి అవి. దేశం నుంచి దేవుడి బొమ్మ తెచ్చుకోనేదు. తేనిత్తారేటి? ఒళ్ళు తెచ్చుకున్నారు, అంతే. మా ముసల్ది ఆ గుట్టలోంచే ఒక రాయి తీసింది. ఏ రాయయితే నడుం ఇరగ్గొట్టిందో ఆ రాయికే పసుపు రాసింది. అదే మా అమ్మోరు."

ఒక్కో ఇంటికీ ఒక్కో రాయట. ఇంటి పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. ఓడలో వంటవాడికి సాయంగా చేరి దీవి వదిలినప్పుడు ఆయన దాన్ని పాత చొక్కాలో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నారు. హాంబుర్గ్‌లో దిగినప్పుడూ అదే సంచి. కొలోన్‌లో పెళ్ళి చేసుకున్నప్పుడు ఆ జర్మన్ ఆవిడ ఏమీ అడక్కుండా కిచెన్ కిటికీలో దానికి చోటు ఇచ్చిందట. ప్రతి ఆదివారం ఒక చెంబుడు నీళ్ళు పోసి, చిటికెడు పసుపు రాయడం. ఇంకే పూజా లేదు. యాభై ఏళ్ళు తప్పలేదు.

ఇది చెప్పి ఆయన అసలు సంగతికి వచ్చారు. ఊపిరితిత్తులు బాగోలేదని డాక్టరు చెప్పేశాడు. కూతురు హాంబుర్గ్‌లో నర్సు. మంచి పిల్ల, ప్రతి నెలా వస్తుంది, కానీ తెలుగు రాదు, పసుపు తెలీదు. "నాను పోయేక ఆ పిల్ల దాన్ని ఏం సేసుకుంటాది? మీ సంఘంలో దేవుడి బీరువా ఉంది కదా. అందులో ఓ మూల పెట్టండమ్మా. పైన పెట్టక్కర్నేదు. ఆదివారం ఎవురో ఒకరు నీళ్ళు పోత్తే సాలు."

జీవితంలో ఆయన మమ్మల్ని అడిగింది అదొక్కటే. ఆదివారానికి ఒక చెంబుడు నీళ్ళు.

"తప్పకుండా అంకుల్. నేను చూసుకుంటాను" అన్నాను.

తర్వాతి వారం రాయి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. కొబ్బరికాయకి కొంచెం పెద్దది. బరువు. ఒళ్ళంతా చిల్లులు, చిల్లుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న పసుపు. అధ్యక్షుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు, డెఫినెట్‌గా పెడతామంకుల్, ఇట్స్ అవర్ హెరిటేజ్ అన్నాడు. ఆ సాయంత్రమే కమిటీ గ్రూపులో చర్చ. బాలాజీ విగ్రహం పక్కన రాయి ఎలా పెడతాం? చూడ్డానికి దిష్టిరాయిలా ఉంది. అమ్మోరు అంటే రేపు కోడిని కొయ్యాలంటారు, జర్మన్ గెస్టుల ముందు ఏం బావుంటుంది? కులం తెలియని దేవత మనకెందుకు అని ఒకాయన పెట్టి, వెంటనే తీసేశాడు. అందరం చదివాం. చివరికి ప్రస్తుతానికి స్టోర్‌రూములో ఉంచుదాం అని తీర్మానం. కింద వరసగా బొటనవేలు గుర్తులు. ఆరోది నాది.

రాయిని గుడ్డ సంచిలో పెట్టి, స్టోర్‌రూములో మైకు పెట్టె పక్కన పెట్టాను. ఆదివారాలు నీళ్ళు పోస్తున్నారా అని ఆయన అడిగినప్పుడల్లా పోస్తున్నామని చెప్పాను. పది నెలలు చెప్పాను.

పోయిన ఉగాది. హాల్లో నాలుగొందల మంది. క్యాటరింగు వ్యాను ఆలస్యంగా వచ్చింది. వెనక తలుపు నుంచి ట్రేలు లోపలికి మోస్తున్నాం. ఆయన రిటైరై అప్పటికి ఆరు నెలలు, కొత్త హౌస్‌మైస్టర్ ఆ రోజు రాలేదు. తలుపు పదే పదే మూసుకుపోతోంది. నా రెండు చేతుల్లో వేడి వేడి బొబ్బట్ల ట్రే. వెనక నుంచి అధ్యక్షుడు అరుస్తున్నాడు, "ఎవరైనా ఏదో ఒకటి అడ్డం పెట్టండి, చేతులు కాలిపోతున్నాయి!" స్టోర్‌రూము తలుపు తెరిచే ఉంది. మైకు పెట్టె తీసినప్పుడు ఎవరో గుడ్డ సంచి పక్కకి పడేశారు, రాయి బయటికి దొర్లి ఉంది. నేను కాలితో తోశాను. చెప్పు కాలితో. అది దొర్లుకుంటూ వెళ్ళి తలుపు కింద సరిగ్గా కూర్చుంది. "సూపర్!" అన్నారెవరో.

అది ఆ రాయేనని నాకు ఆ క్షణాన తెలుసా, తెలియదా? ఈ ప్రశ్న నన్ను నేను వందసార్లు అడుక్కున్నాను. హడావిడి అనుకున్నాను, చేతులు ఖాళీ లేవనుకున్నాను. అబద్ధం. తెలుసు. ఆ చిల్లుల్లో పసుపు కనబడింది.

రెండో ట్రే కోసం తిరిగి వచ్చేసరికి ఆయన అక్కడ నిలబడి ఉన్నారు. ముందు గుమ్మం నుంచి రావడం ఆయనకి అలవాటు లేదు, అతిథిగా పిలిచినా వెనక నుంచే వచ్చారు. ఇస్త్రీ చొక్కా. చేతిలో మూత పెట్టిన చిన్న ఇత్తడి చెంబు. పండగ కదా, అమ్మోరికి తనే నీళ్ళు పోద్దామని ఇంటి నుంచి తెచ్చుకున్నారు.

"అయ్యో అంకుల్, ఎవరో పెట్టారు" అన్నాను.

"అవునమ్మా. ఎవురో పెట్టేరు."

ఇది పట్టుకో అని చెంబు నా చేతికిచ్చారు. వంగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఊపిరి ఈల వేస్తోంది. రాయి తీసి, దానికంటిన మట్టిని ఇస్త్రీ చొక్కాతో తుడిచారు. అడ్డం పోయేసరికి తలుపు దానంతట అది మూసుకుంది. ఆయన ఎప్పట్లాగే గొళ్ళెం పడేదాకా ఆగి, అరచేత్తో నొక్కి చూశారు. రాయి గుండెకి ఆనించుకుని ముందు గుమ్మం వైపు, నాలుగొందల మంది మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. స్టేజి మీద పిల్లలు సినిమా పాటకి డ్యాన్సు చేస్తున్నారు. ఒక్కరు కూడా తల తిప్పలేదు. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

"అంకుల్ ఏమీ అనుకోలేదుగా?" అని తర్వాత అడిగారు కమిటీవాళ్ళు. జవాబూ వాళ్ళే చెప్పుకున్నారు: అనుకోలేదట, చాలా స్పోర్టివ్‌గా తీసుకున్నారట. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ గోడకేసి తల బాదుకోవాలనిపిస్తుంది. ఏమీ అనని మనిషి ఏమీ అనుకోలేదని ఎలా తేల్చారు? నేను మాత్రం ఏం చేశాను? ఆయన ఇల్లు మా ఇంటికి ట్రాములో నాలుగు స్టాపులు. వెళ్ళలేదు. పండగలకి గ్రీటింగులు పంపాను. ఆరోగ్యం జాగ్రత్త అంకుల్ అని ఒక పువ్వు బొమ్మ పంపాను. చెంబు కిచెన్ అలమరలో వెనక్కి నెట్టేశాను.

మొన్న శనివారం ఆయన కూతురు ఫోను చేసింది. ఇల్లు ఖాళీ చేస్తున్నానని, మీకు ఇవ్వాల్సింది ఒకటుందని. చెంబు సంచిలో వేసుకుని వెళ్ళాను. సామాను దాదాపు తీసేశారు, కిచెన్ కిటికీలో రాయొక్కటే ఉంది. తడిగా ఉంది. ఆదివారం కాకపోయినా పొద్దున్న నీళ్ళు పోశానని చెప్పింది ఆ పిల్ల, ఎలా చెయ్యాలో సరిగ్గా తెలీదు, తప్పయితే ఏమనుకోవద్దంది. నేనేమనుకోవాలి? పక్కన ఒక కాగితం, రోమన్ అక్షరాల్లో ఆయన చేతిరాత: కోరంగి పిల్లకి.

నాకొద్దన్నాను. అర్హత లేదన్నాను. ఆ రోజు జరిగింది నా వచ్చీరాని జర్మన్‌లో చెప్పడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర దీన్ని ఎవరు పెట్టారో మీ నాన్నగారికి తెలియదు అన్నాను.

"తెలుసు" అంది. "పార్కింగులోంచి వస్తూ తలుపు అవతల నుంచి చూశారు. ఇంటికొచ్చి నాకు ఫోను చేసి చెప్పారు. అందుకే మీకు ఇవ్వమన్నారు. నాకర్థం కాలేదు, కాలితో తోసిన మనిషికి ఎందుకు ఇస్తున్నారని గట్టిగానే అడిగాను. ఆ పిల్ల ఇంక దీన్ని ఎప్పుడూ కింద పెట్టదు అన్నారు."

అధ్యక్షుడుగారూ, మీరడిగిన పేజీ ఇదే. వేస్తే మొత్తం వెయ్యండి, లేకపోతే మానెయ్యండి. రాయి మాత్రం ఇవ్వను. గ్లాస్ బాక్సులో బిర్యానీ కూపన్లు పెట్టుకోండి.

వాళ్ళింట్లో విప్పిన కోటు చేతి మీద వేసుకుని, చెంబున్న సంచి భుజానికి తగిలించుకుని, ట్రాములో రాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు స్టాపులు. దిగాక బయట సన్నగా మంచు పడుతోంది. కోటు వేసుకోవాలంటే రాయిని పక్కన బెంచీ మీద ఒక్క నిమిషం పెట్టాలి. పెట్టలేకపోయాను. కోటు అలాగే చేతి మీద ఉంచుకుని ఇంటిదాకా నడిచాను.